ఫైలులో రోడ్డు ఉండదు

“మావయ్యా, ఫైలు పంపించేశాను. మిషన్లో మాత్రం ఎక్కడా కనబడట్లేదు.”

రాత్రి పదిన్నరైంది. తెల్లవారుజామున ఐదింటికల్లా విశాఖపట్నం దాటాలని మా ఒప్పందం. మా మేనల్లుడు హాల్లో చాప మీద లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. పక్కనే అరచేతి కన్నా కాస్త పెద్దగా ఉన్న బండి జీపీఎస్. అమెరికాలో ఉంటున్న వాళ్ల అన్నయ్య కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చాడు. వీడు మూడు సాయంత్రాలు కూర్చుని మ్యాపు మీద దారి గీసుకున్నాడు. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు. అక్కణ్ణుంచి హుకుంపేట మీదుగా పాడేరు. పాడేరు నుంచి కొండల మీదే చింతపల్లి, లంబసింగి. ఆ తర్వాత నర్సీపట్నం దిగి, హైవే పట్టుకుని ఇల్లు. టిఫిను ఎక్కడ, పెట్రోలు ఎక్కడ, టీ ఎక్కడ అన్నవి కూడా గుర్తుపెట్టాడు. ఆ శ్రమంతా ఒక చిన్న ఫైలులో ఉంది. అది లాప్‌టాప్‌లోంచి బండి హ్యాండిల్ మీదికి చేరడం దగ్గర పని ఆగిపోయింది.

ఆ రాత్రి పన్నెండున్నర దాకా మేమిద్దరం ఆ ఫైలుతో కుస్తీ పట్టాం. మాకు ఎదురైన ప్రతి చిక్కుకీ వెనకాల ఒక చక్కటి కారణం ఉంది. ఆ కారణం తెలిస్తే ఏ కంపెనీ మిషనైనా, ఏ యాప్ అయినా లొంగుతుంది. బటన్లు ఎక్కడున్నాయో బట్టీపట్టినవాడికి మోడల్ మారితే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే బటన్ల సంగతి తక్కువ చెప్పి, లోపల జరిగేది ఎక్కువ చెబుతాను.

ముందుగా ఒక న్యాయమైన ప్రశ్న. జేబులో ఫోనుండగా ఇదంతా ఎందుకు? ఊళ్లో తిరగడానికి ఫోను చాలు. కానీ మన్యంలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. వానలో ఫోను తెర చుక్క పడినప్పుడల్లా వేలు తగిలిందనుకుంటుంది. ఎండలో వేడెక్కి వెలుగు తగ్గించుకుంటుంది. 2021 సెప్టెంబరులో యాపిల్ సంస్థ తన ఫోన్ల గురించి ఒక సూచన ప్రకటించింది. శక్తిమంతమైన మోటార్‌సైకిల్ ఇంజిన్ల ప్రకంపనలు హ్యాండిల్ ద్వారా నేరుగా ఫోనుకు తగిలితే, బొమ్మ అదరకుండా కెమెరాలో పెట్టే సున్నితమైన భాగాలు కాలక్రమంలో దెబ్బతినవచ్చని దాని సారాంశం. బండి కోసమే చేసిన నావిగేటర్లు ఈ కష్టాలన్నిటినీ తట్టుకునేలా ఉంటాయి. చేతి తొడుగులతో నొక్కవచ్చు, ఎండలో చదవవచ్చు. వీటిలో చాలావాటికి ఐపీఎక్స్7 అనే గుర్తింపు ఉంటుంది. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు చేరదని దానర్థం. గార్మిన్ కంపెనీ జూమో వరస, టామ్‌టామ్ కంపెనీ రైడర్ వరస ఈ రకానికి చెందినవి.

ఇక అసలు సంగతి. చాలామందికి ఒక ఊహ ఉంటుంది, మా మేనల్లుడికీ ఉండేది. ఉపగ్రహం మనకు దారి చూపిస్తుందని. ఉపగ్రహానికి మన దారి తెలియదు. మనం ఉన్నామనే తెలియదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహం ‘ఇప్పుడు సమయం ఇంత, నేను ఫలానా చోట ఉన్నాను’ అని చాటుతూ పోతుంది. మన చేతిలోని మిషన్ ఆ మాట వినడమే తప్ప తిరిగి ఏమీ చెప్పదు. నాలుగు ఉపగ్రహాల మాటలు విని, ఒక్కొక్కటి ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి, తానెక్కడుందో తేల్చుకుంటుంది. ఊరి మధ్య గడియార స్తంభం గంట కొడితే ఎంత దూరంలో ఉన్నవాళ్లకైనా వినబడుతుంది. ఎవరు విన్నారో స్తంభానికి తెలియదు కదా, ఇదీ అంతే.

పైగా ఆ మాట ఎంత నింపాదిగా వస్తుందో చూడండి. మామూలు జీపీఎస్ సంకేతంలో సమాచారం సెకనుకు 50 బిట్ల చొప్పున దిగుతుంది. సెకనుకో చుక్క చొప్పున ఎనిమిది గంటల ప్రయాణాన్ని నమోదు చేసిన ఫైలులో 28,800 చుక్కలుంటాయి. చుక్కకు సుమారు వంద అక్షరాలు. మొత్తం మూడు మెగాబైట్లకు కాస్త తక్కువ. ఇప్పటి ఫోనుకు అది ఒక ఫొటోపాటి బరువు. అదే ఫైలు ఉపగ్రహ వేగంతో దిగాలంటే ఐదు రోజులు దాటుతుంది. అంచేత ఆకాశం నుంచి మనకొచ్చేది ‘నువ్విక్కడున్నావు’ అన్న కబురొక్కటే. ఎటు పోవాలన్నది ముందే మిషన్ కడుపులో ఉండాలి. దాన్ని అక్కడ పెట్టే పనే ఈ ఫైలు బదిలీ.

ఆ కబురు కూడా ఒకప్పుడు ఇంత నికరంగా ఉండేది కాదు. 2000 మే 1 అర్ధరాత్రి దాకా అమెరికా ప్రభుత్వం పౌరులు వాడే సంకేతాన్ని కావాలనే చెడగొట్టేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. అనంతగిరి ఘాట్‌లో ఒక హెయిర్‌పిన్ మలుపు పై రోడ్డుకీ కింద రోడ్డుకీ మధ్య అంత దూరం కూడా ఉండని చోట్లున్నాయి. మీరు మలుపు తిరిగారో లేదో మిషన్‌కు తెలిసేది కాదన్నమాట. ఆ రాత్రి ఆ మసక తొలగించాకే రోడ్డు మీద వాడే నావిగేటర్లకు నిజంగా ప్రాణం వచ్చింది.

చోటు, తోవ, గాడి

మా మేనల్లుడి ఫైలు పేరు చివర జీపీఎక్స్ అని ఉంది. 2002లో టోపోగ్రాఫిక్స్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ ఈ పద్ధతిని బయటపెట్టింది. 2004లో వచ్చిన 1.1 రూపమే ఇప్పటికీ నడుస్తోంది. అప్పటిదాకా ఒక కంపెనీ మిషన్ రాసింది ఇంకో కంపెనీ మిషన్ చదవలేకపోయేది. జీపీఎక్స్ అందరికీ ఉమ్మడి భాషైంది. దీని గొప్పదనం ఏమిటంటే ఇది వట్టి అక్షరాల ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కళ్లతో చదువుకోవచ్చు. నేను వాడిచేత అదే చేయించాను. “తెరిచి చూడు, నువ్వు గీసిన రోడ్డు ఎక్కడుందో చూపించు.”

వాడు పైనుంచి కిందకి రెండుసార్లు వెతికాడు. రోడ్డు లేదు. అంకెలున్నాయి. అక్షాంశం ఒకటి, రేఖాంశం ఒకటి, పక్కన పేరు. మళ్లీ అక్షాంశం, రేఖాంశం, పేరు. వాడు మూడు సాయంత్రాలు మలుపు మలుపూ చూసుకుంటూ గీసిన దారిలో మిగిలింది తొమ్మిది చుక్కలు.

జీపీఎక్స్ ఫైలులో మూడు రకాల సరుకు ఉండొచ్చు. మొదటిది వేపాయింట్, అంటే ఒంటరి చోటు. పెట్రోలు బంకు, టీ కొట్టు, జలపాతం. మ్యాపు మీద జెండా పాతినట్టు. రెండోది రూట్, అంటే తోవ. ‘ముందు ఇక్కడికి, తర్వాత అక్కడికి’ అని వరసగా చెప్పిన కొద్ది చుక్కలు. మూడోది ట్రాక్. దీన్ని మన మాటలో గాడి అంటే సరిగ్గా సరిపోతుంది. ముందు వెళ్లిన ఎడ్లబండి చక్రాలు నేల మీద వదిలిన గాడి. అందులో చుక్కలు వేలల్లో ఉంటాయి, దగ్గరదగ్గరగా, రోడ్డు ఎటు వంగితే అటు వంగుతూ.

తోవకీ గాడికీ ఉన్న తేడా ఈ మొత్తం వ్యవహారానికి కీలకం. కారు డ్రైవరుతో ‘పాడేరు వెళ్లి, అక్కణ్ణుంచి నర్సీపట్నం పోనీ బాబూ’ అంటే అది తోవ. మధ్యలో ఏ రోడ్డు పట్టుకోవాలో అతని ఇష్టం. ‘ఈ గాడి వదలకుండా పోనీ’ అంటే అతని ఇష్టానికి చోటు లేదు. తోవ పంపినప్పుడు మిషన్ చుక్కకీ చుక్కకీ మధ్య రోడ్డును తనంతట తాను, తనలో ఉన్న మ్యాపు మీద, తనకున్న అమరికల ప్రకారం కొత్తగా వెతుకుతుంది. లాప్‌టాప్ తెర మీద కనబడ్డ గీత లాప్‌టాప్ వెతుక్కున్నది. రెండూ ఒకటే కానక్కర్లేదు.

వెతకడం ఎలా అంటారా? నెదర్లాండ్స్ గణితవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ హోటల్లో కూర్చుని, కాగితమూ కలమూ లేకుండా ఇరవై నిమిషాల్లో ఊహించిన పద్ధతి ఇది. 1959లో అచ్చయింది. చెరువులో రాయి వేస్తే అల అన్ని వైపులా సమంగా పాకుతుంది. అలాగే బయల్దేరిన చోటి నుంచి లెక్క అన్ని రోడ్ల మీదా పాకుతుంది. ఏ కూడలికి ముందుగా ఎటువైపు నుంచి అల చేరిందో మిషన్ గుర్తుపెట్టుకుంటుంది. గమ్యానికి అల తగలగానే వెనక్కి నడిచి వస్తే అదే దగ్గర దారి. 1968లో వచ్చిన ఏ-స్టార్ అనే పద్ధతి ఆ అలను గమ్యం వైపే ఎక్కువ నెట్టి పని త్వరగా తెముల్చుతుంది. ఇక్కడ దగ్గర అంటే కిలోమీటర్లే అవ్వాలని లేదు. సాధారణంగా నిమిషాలు. ప్రతి రోడ్డు ముక్కకీ మిషన్ ఒక ఖర్చు వేస్తుంది. ఖర్చు తక్కువ పడే దారే దానికి మంచి దారి. లంబసింగి మంచు చూడ్డానికే మనం బయల్దేరామని దాని లెక్కలో ఎక్కడా ఉండదు.

రెండు తీగలు లేని కేబుల్

సరే, మొదటి చిక్కు దగ్గరికి వద్దాం. ఫైలు అసలు వెళ్లనే లేదు. కేబుల్ పెట్టగానే జీపీఎస్ తెర వెలిగింది, చార్జింగ్ గుర్తు వచ్చింది. లాప్‌టాప్‌లో మాత్రం దాని పేరు లేదు. వాడు ఫైలును పంపానని అనుకున్నది వాడి లాప్‌టాప్‌లోనే ఇంకో ఫోల్డరుకి.

ఆ కేబుల్ ఒక పాత పవర్‌బ్యాంకుతో వచ్చింది. మామూలు యూఎస్‌బీ కేబుల్లో కనీసం నాలుగు తీగలుంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకి. తెలుపు, ఆకుపచ్చ సమాచారానికి. చార్జింగ్ కోసమే చేసే చవక కేబుళ్లలో చివరి రెండూ ఉండవు. మర్నాడు తిరిగొచ్చాక కుతూహలం కొద్దీ బ్లేడుతో ఆ కేబుల్ చీల్చి చూశాను. ఎరుపు, నలుపు. అంతే. లోపల దూది నూలులాంటిది కూరి లావుగా చేశారు. బయట నుంచి చూస్తే ఏ తేడా తెలియదు. మీ ఇంట్లోనూ ఇలాంటివి ఉండే ఉంటాయి. సమాచారం మోసే కేబుల్ ఏదో తేల్చుకుని దానికి రంగు టేపు చుట్టి, బండి సామాన్ల సంచీలో విడిగా పెట్టుకోండి.

మంచి కేబుల్ పెట్టగానే మిషన్ లాప్‌టాప్‌లో ప్రత్యక్షమైంది. ఇక్కడా ఒక తిరకాసు ఉంది. పాత నావిగేటర్లు పెన్‌డ్రైవ్ లాగా ఒక డ్రైవు అక్షరంతో కనబడతాయి. అప్పుడు కంప్యూటరే దాని నిలవ గదికి యజమాని. కొత్త వాటిలో చాలామటుకు ఎంటీపీ అనే పద్ధతి వాడతాయి. గది తాళం మిషన్ దగ్గరే ఉంటుంది, కంప్యూటర్ కావలసింది అడిగి పుచ్చుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లదీ ఇదే తీరు. విండోస్‌కు ఎంటీపీ పుట్టుకతో వచ్చు. యాపిల్ మ్యాక్ కంప్యూటర్‌కు రాదు, వేరే సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. మ్యాక్ వాడేవాళ్లు మిషన్ చెడిపోయిందనుకుని కంగారు పడేది ఇక్కడే.

గార్మిన్ రకం మిషన్లలో జీపీఎక్స్ అనే పేరుతోనే ఒక ఫోల్డర్ ఉంటుంది. ఫైలు అందులోకి పోవాలి. మైక్రో ఎస్‌డీ కార్డు వాడితే దాని మీద గార్మిన్ అని ఒక ఫోల్డరు, దాని లోపల జీపీఎక్స్ అని ఇంకొకటి. పేరులో ఒక్క అక్షరం తప్పినా మిషన్ ఆ గడప తొక్కదు. విండోస్ ఫైలు పేరు తోకను దాచిపెడుతుంది కాబట్టి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి భద్రపరిచిన ఫైలుకు జీపీఎక్స్ తర్వాత టీఎక్స్‌టీ అని ఇంకో తోక మొలిచి ఉండొచ్చు. అది మనకు కనబడదు. మిషన్‌కు మాత్రం కనబడుతుంది, ఇది నాది కాదని వదిలేస్తుంది. ఈ మధ్య మిషన్లకు ఫోనులోంచి బ్లూటూత్ ద్వారా కూడా పంపవచ్చు. కంపెనీ యాప్‌లోకి ఫైలును షేర్ చేస్తే అది దాటిస్తుంది. వాట్సాప్‌లో స్నేహితులకు పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపాలి.

టామ్‌టామ్‌ది వేరే సంప్రదాయం. దాని పాత తోవ ఫైళ్ల పేరు ఐటీఎన్. అందులో డిగ్రీలను లక్షతో హెచ్చవేసి దశాంశ బిందువు లేని పూర్ణాంకాలుగా రాస్తారు. పైగా రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. గూగుల్ ఎర్త్ వాడే కేఎంఎల్ ఫైలులోనూ ఇదే వరస. జీపీఎక్స్‌లో మామూలుగా అక్షాంశం ముందు రాస్తారు. చేత్తో అంకెలు ఎక్కించేవాళ్లు ఇక్కడ తప్పులో కాలేస్తారు. లంబసింగి ఉజ్జాయింపుగా 17.82 ఉత్తర అక్షాంశం, 82.49 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. రెండూ తారుమారైతే ఆ చుక్క 82.49 ఉత్తర అక్షాంశం మీద, నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది. హైదరాబాద్ తారుమారైతే ఆ దీవుల్లోనే స్పిట్స్‌బెర్గెన్ అనే పెద్ద దీవి మీదికి పోతుంది. మన తెలుగు నేలంతా ఉజ్జాయింపుగా 13 నుంచి 20 అక్షాంశాల మధ్య, 77 నుంచి 85 రేఖాంశాల మధ్య ఉంటుంది. చిన్న అంకె అక్షాంశం, పెద్దది రేఖాంశం. ఇది గుర్తుంటే మనవాళ్లకు ఈ తప్పు జరగదు.

దశాంశం తర్వాత ఎన్ని అంకెలుండాలి? అక్షాంశంలో ఒక డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు. రెండు అంకెలు ఉంచితే కిలోమీటరు అటూ ఇటూ. నాలుగుంటే 11 మీటర్లు. ఐదుంటే మీటరు చిల్లర. ఐదు చాలు. పైన లంబసింగికి నేనిచ్చిన రెండంకెలు ఊరిని చూపిస్తాయి తప్ప టీ కొట్టును చూపించవు.

ఫైలు చేరింది. అయినా తోవల జాబితాలో రాలేదు. “ఇందాకా లేదు, ఇప్పుడూ లేదు” అన్నాడు మావాడు నీరసంగా. ఫోల్డరులో ఫైలు పెట్టడం అంటే గుమ్మంలో బియ్యం బస్తా దింపినట్టు. వంటింట్లోకి ఇంకా రాలేదు. మిషన్‌లో తోవలు చూసుకునే యాప్ తెరిచి, ‘ఇంపోర్ట్’ నొక్కి, ఫలానా ఫైలులోని ఫలానా తోవ తీసుకో అని చెప్పాలి. అప్పుడు అది ఆ చుక్కలు చదివి, తన మ్యాపు మీద పరిచి, లెక్క వేసుకుని, సొంత జాబితాలో రాసుకుంటుంది. నాకు తెలిసి ఎక్కువమంది చేతులెత్తేసేది ఈ మెట్టు దగ్గరే. ఫైలు వెళ్లింది కదా అనుకుంటారు.

ఇంపోర్ట్ నొక్కాం. తొమ్మిది చుక్కలూ తెర మీదికొచ్చాయి. వాటి మధ్య రోడ్లు లేవు. పాడేరు నుంచి నర్సీపట్నానికి కొండల నడుమ నుంచి ఒక తిన్నని గీత!

మ్యాపు ఎవరిది?

దీనికి కారణం కనుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ మిషన్ అమెరికాలో కొన్నది. దాని కడుపులో ఉన్నది ఉత్తర అమెరికా రోడ్ల మ్యాపు. మన దేశం అందులో తీరరేఖ, పెద్ద ఊళ్ల పేర్లు, అంతే. వెతకడానికి రోడ్లే లేనప్పుడు డైక్‌స్ట్రా పద్ధతి ఏం చేస్తుంది? చుక్కకీ చుక్కకీ గీత గీసి ఊరుకుంటుంది. లెక్క కట్టలేనని చెప్పేసే మిషన్లూ ఉన్నాయి. డాలస్ నుంచో షార్లట్ నుంచో అన్నయ్యో బావగారో అపురూపంగా తెచ్చిన నావిగేటర్లు మన ఇళ్లలో అట్టపెట్టెల్లోనే ఉండిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. తెచ్చేవాళ్లు ఏ దేశాల మ్యాపు ఉందో ముందే చూసుకుంటే మంచిది.

ఇక్కడ గాడి విలువ తెలుస్తుంది. గాడికి మ్యాపు అక్కర్లేదు. చుక్కలు తమకు తామే రోడ్డు ఆకారంలో ఉంటాయి కాబట్టి, ఖాళీ తెర మీద కూడా అనంతగిరి ఘాట్ ఒంపులు ఉన్నవున్నట్టు కనబడతాయి. ‘మరో 200 మీటర్లలో ఎడమకు తిరగండి’ అని మాట మాత్రం వినబడదు. గీత మీద మన బాణం గుర్తు కదులుతుంటుంది, గీత దాటకుండా చూసుకుంటూ పోవడమే. మేం లాప్‌టాప్‌లో అదే దారిని ట్రాక్‌గా మళ్లీ ఎగుమతి చేసి ముందు అది ఎక్కించాం. ఏది ఎలా ఉన్నా దారి తప్పకుండా అదొక భరోసా.

తర్వాత ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో కొందరు స్వచ్ఛందంగా తయారుచేసి ఉచితంగా ఇచ్చే భారతదేశపు మ్యాపును దింపుకుని, మైక్రో ఎస్‌డీ కార్డులో పెట్టాం. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. ఎవరైనా రోడ్డు చేర్చవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. కార్డు పెట్టి మళ్లీ ఇంపోర్ట్ చేశాం. ఈసారి మిషన్ ఆలోచించింది, రోడ్ల వెంట గులాబీ రంగు గీత పరుచుకుంది.

“లంబసింగి ఏదీ?” అన్నాడు వాడు.

గీత పాడేరు దాకా బాగానే వచ్చి, అక్కణ్ణుంచి ఘాట్ దిగిపోయి మాడుగుల వైపు మైదానంలోకి పోయి నర్సీపట్నం చేరింది. చింతపల్లి లేదు, లంబసింగి లేదు. లంబసింగి మీద టీ కప్పు బొమ్మతో జెండా మాత్రం ఉంది, గీతకు దూరంగా.

వాడు లాప్‌టాప్‌లో ఒక వెబ్‌సైటు మీద దారి గీసినప్పుడు వంకర దారులు ఎంచుకోమనే అమరిక పెట్టాడు. అందువల్ల పాడేరు, నర్సీపట్నం చుక్కల మధ్య ఆ వెబ్‌సైటే కొండ దారిని వెతికి ఇచ్చింది. కోరుకున్న దారే వచ్చింది గదా అని వాడు మధ్యలో చుక్క పెట్టలేదు. లంబసింగిని టీ చోటుగా గుర్తుపెట్టాడు గాని అది వేపాయింట్, తోవలో భాగం కాదు. మిషన్‌లో అమరిక వేగంగా చేర్చే దారి. దాని లెక్క అది చేసింది. తెరమీది గీత వాడిదనుకున్నాడు, అది వెబ్‌సైటుది. ఫైలులో వెళ్లినవి వాడి చుక్కలే.

అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే. చీలిక ఉన్న ప్రతిచోటా, మీకు కావలసిన రోడ్డు మీద, చీలిక దాటాక ఒక చుక్క పెట్టండి. సరిగ్గా కూడలి మీద పెట్టకండి. మీ మ్యాపుకీ మిషన్ మ్యాపుకీ నాలుగైదు మీటర్ల తేడా ఉంటే ఆ చుక్క అడ్డరోడ్డుకు అంటుకుంటుంది. మిషన్ ప్రతి చుక్కనూ దగ్గరలో ఉన్న రోడ్డుకు లాగి అతికిస్తుంది. విభజించిన హైవేల మీద ఇంకా జాగ్రత్త. జాతీయ రహదారి 16 మీద వెళ్లేటప్పుడు చుక్క డివైడరుకు అవతలి వైపు పడిందా, మిషన్ మిమ్మల్ని ముందుకు తీసుకెళ్లి యూటర్న్ కొట్టించి, ఆ చుక్క ముట్టించి, మళ్లీ యూటర్న్ కొట్టిస్తుంది. సర్వీస్ రోడ్డు మీద పడితే ఫ్లైఓవర్ కిందకి దించుతుంది. మ్యాపును బాగా పెద్దది చేసుకుని, మన ఎడమ వైపు రోడ్డు మీదే పెట్టాలి.

చుక్కల్లోనూ రెండు జాతులున్నాయి. వయా పాయింట్ అంటే ఆగే చోటు. మిషన్ దాన్ని ప్రకటిస్తుంది, అక్కడికి చేరితే తప్ప ఊరుకోదు. షేపింగ్ పాయింట్ అంటే దారిని వంచడానికి పెట్టిన మేకు. దాని మీదుగా పోతుంది, నోరు మెదపదు. పందిరికి తీగ పాకించేటప్పుడు అక్కడక్కడా దారం కట్టినట్టు. టిఫిను చోటుకి మొదటి రకం, చీలికలకు రెండో రకం. మామూలు జీపీఎక్స్‌లో ఈ తేడా లేదు. గార్మిన్ తన ఫైళ్లలో అదనపు వాక్యాలుగా దీన్ని చేర్చుకుంది. ఇంకో కంపెనీ మిషన్ ఆ వాక్యాలు చదవకుండా వదిలేస్తుంది. అందువల్ల అన్నీ ఆగే చోట్లైపోయి దారి పొడవునా మోత మోగుతుంది.

పాడేరు దాటాక చింతపల్లి రోడ్డు మీద ఒకటి, లంబసింగిలో ఒకటి చుక్కలు చేర్చాం. గీత కొండల మీదికి తిరిగింది. అడుగున గాడి వేరే రంగులో ఉంది. రెండూ ఒకదాని మీద ఒకటి సరిపోయాయి. ఇదే నమ్మదగ్గ పరీక్ష. ఆ తర్వాత లాప్‌టాప్‌లో మొత్తం కిలోమీటర్లు, మిషన్‌లో మొత్తం కిలోమీటర్లు పోల్చి చూసుకున్నాం. పెద్ద తేడా ఉంటే ఎక్కడో గీత జారినట్టే.

ఇంకొక్క అమరిక మార్చాం. దారి తప్పితే తనంతట తానే కొత్త దారి వెతికే అలవాటును ఆపి, అడిగి చెయ్యమన్నాం. టీ కోసం పక్కకు తిరిగినా మిషన్ దారి తప్పామనుకుని మళ్లీ లెక్క వేస్తుంది, ఆ లెక్కలో మనం పెట్టిన మేకులు కొన్ని ఊడిపోవచ్చు. కొండల్లో అది తెలిసేసరికి పది కిలోమీటర్లు దిగిపోయి ఉంటాం.

గాడి ఫైలు బరువెక్కువైతే కొన్ని పాత మిషన్లు ఒక హద్దు దాటిన చుక్కలను తీసుకోవు. అప్పుడు చుక్కలు తగ్గించాలి. ఎలా తగ్గించినా దారి రూపు చెడకూడదు. 1973లో డేవిడ్ డగ్లస్, థామస్ ప్యూకర్ అనే ఇద్దరు చెప్పిన ఉపాయం నాకు ఎంతో ఇష్టం. దారి మొదటి చుక్కకీ చివరి చుక్కకీ మధ్య ఒక తాడు బిగించి కట్టామనుకోండి. మధ్య చుక్కల్లో తాడుకు అన్నిటికన్నా ఎడంగా ఉన్నది ఏదో చూడాలి. ఆ ఎడం మనం పెట్టుకున్న హద్దు, పది మీటర్లనుకుందాం, దాటితే ఆ చుక్క ఉంచాలి. ఇప్పుడు తాడును ఆ చుక్కకు తగిలించి రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ మళ్లీ అదే పని. హద్దు లోపల ఉన్న చుక్కలన్నీ తీసేయవచ్చు. నర్సీపట్నం దిగాక మైదానంలో తిన్నటి రోడ్డు మీద వందల చుక్కలు రాలిపోతాయి. అనంతగిరి హెయిర్‌పిన్‌ల దగ్గర దాదాపు అన్నీ నిలబడతాయి. ఎక్కడ జాగ్రత్త కావాలో అక్కడే చుక్కలు మిగులుతాయి. దారి గీసే వెబ్‌సైట్లలో ‘సింప్లిఫై’ అని నొక్కితే జరిగేది ఇదో, దీని చుట్టమో.

తెలుగులో పేర్లు రాసుకోవాలనుకునేవాళ్లకు ఒక మాట. జీపీఎక్స్ తెలుగు అక్షరాలను నిక్షేపంగా మోస్తుంది. లంబసింగి అని తెలుగులో రాస్తే ఫైలులో 24 బైట్లు, ఇంగ్లీషులో రాస్తే 10, అంతే తేడా. కానీ మిషన్‌లో తెలుగు ఫాంటు లేకపోతే ఖాళీ డబ్బాలు కనబడతాయి. ఒక పేరుతో ముందు పరీక్షించుకోండి. ఫోనులో ఓస్మ్‌యాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లు వాడేవాళ్లకు ఆ బెంగ లేదు. అవి ఇదే జీపీఎక్స్ ఫైలును నెట్ లేకుండానే చదువుతాయి. ప్రత్యేకంగా మిషన్ కొనకుండానే ఇదంతా నేర్చుకోవచ్చు.

తెల్లవారుజామున ఐదుంబావుకు బయల్దేరాం. పాడేరు దాటిన కాసేపటికే ఫోన్లలో సిగ్నల్ గీతలు పోయాయి. మావాడి హ్యాండిల్ మీద గులాబీ గీత మాత్రం అలాగే ఉంది. చింతపల్లి రోడ్డు మీద మేం పెట్టిన చుక్క ఎప్పుడు దాటామో తెలియనే లేదు. లంబసింగిలో టీ తాగుతుంటే వాడు మిషన్ తెర మీద వేలు పెట్టి చూపించాడు. మేం వచ్చిన దారి కొత్త గాడిగా నమోదై ఉంది. ఒక చోట, గూడెం దగ్గర, మా గాడి మ్యాపులోని రోడ్డును విడిచి యాభై అరవై మీటర్లు పక్కగా నడిచింది. అక్కడ రోడ్డును కొత్తగా మళ్లించి వేశారు. మ్యాపుకు ఇంకా తెలియదు.

ఇంటికొచ్చాక ఆ గాడిని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు ఎక్కించాం. ముందుగా మొదటి కిలోమీటరు, చివరి కిలోమీటరు చెరిపేశాం, మన ఇల్లు ఎక్కడో లోకానికి చెప్పనక్కర్లేదు కాబట్టి. ఫైలులో సమయాలు గ్రీన్‌విచ్ లెక్కలో ఉంటాయి, మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక. ఆ తేడా చూసి కంగారు పడకండి. మీరు అరకు వెళ్లినా, నల్లమల వెళ్లినా, ఆదిలాబాద్ అడవుల్లో తిరిగినా గాడి నమోదును ఆన్ చేసి ఉంచండి. తిరిగొచ్చాక పది నిమిషాలు కూర్చుని దాన్ని మ్యాపుకు ఇవ్వండి. ఆ గూడేలకు అంబులెన్సు నడిపే డ్రైవరు చేతిలోనూ ఏదో ఒక మ్యాపే ఉంటుంది.